ఒయాసిస్ మళ్లీ వేదికెక్కింది: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జులైలో మాంచెస్టర్‌లోని హీటన్ పార్కులో ఒయాసిస్ కచేరీ విని వచ్చాను. అప్పటి నుంచి హైదరాబాదులోని పాత హాస్టల్ మిత్రులు, ఇక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలు, మా ఇంట్లోవాళ్లు కూడా అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోనులో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా అన్నిటికీ ఒకచోట జవాబులు రాసిపెట్టడం మంచిదనిపించింది.

అసలు ఒయాసిస్ అంటే ఎవరు?

మాంచెస్టర్‌లో 1991లో పుట్టిన రాక్ బృందం. పేరుకు అయిదుగురున్నా బృందానికి ప్రాణం ఇద్దరు అన్నదమ్ములు, నోయెల్ గాలఘర్, లియామ్ గాలఘర్. తల్లి పెగ్గీ ఐర్లండ్‌లోని మేయో నుంచి వచ్చిన మనిషి. ఇంట్లో చెయ్యి చేసుకునే భర్త నుంచి ముగ్గురు కొడుకులను తీసుకుని బయటికి వచ్చేసింది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే పని చేసి వాళ్లను పెంచింది. పెద్దవాడు పాల్ ఈ బృందంలో చేరలేదు. రెండోవాడు నోయెల్, చిన్నవాడు లియామ్ బర్నేజ్ అనే పేటలోని ఆ చిన్న ఇంట్లో ఒకే గదిలో పెరిగారు.

మొదట బృందంలో చేరింది తమ్ముడే. అప్పుడు నోయెల్ ఇన్‌స్పైరల్ కార్పెట్స్ అనే మరో బృందానికి సామాను మోసి, గిటార్లు శ్రుతి చేసే పనిలో ఉన్నాడు. తిరిగి వచ్చి తమ్ముడి బృందాన్ని విని తానూ చేరాడు. అతని దగ్గర అప్పటికే సొంత పాటలున్నాయి. అక్కడి నుంచి రాసేది అన్న, పాడేది తమ్ముడు. తర్వాత జరిగిన మంచికీ చెడుకీ ఈ పంపకమే మూలం.

1994 ఆగస్టులో మొదటి ఆల్బం 'డెఫినెట్లీ మేబీ' వచ్చింది. 1995 అక్టోబరులో వచ్చిన రెండో ఆల్బం ప్రపంచమంతా కలిపి 2 కోట్లకు పైగా అమ్ముడైంది. 1996 ఆగస్టులో నెబ్‌వర్త్ మైదానంలో రెండు రాత్రుల్లో రెండున్నర లక్షల మంది వాళ్లను విన్నారు. టికెట్ల కోసం ప్రయత్నించినవారు 25 లక్షలకు పైనే.

అంత పేరుండగా ఎందుకు విడిపోయారు?

ఉప్పూ నిప్పూ ఒకే పొయ్యి దగ్గర ఎన్నాళ్లుంటాయి? 1994లోనే లాస్ ఏంజెలెస్‌లో ఒక కచేరీ రసాభాస అయి, లియామ్ అన్న మీదికి టాంబరిన్ అనే చేతి వాద్యం విసిరాడు. నోయెల్ అలిగి ఎవరికీ చెప్పకుండా శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. అక్కడి అనుభవం నుంచే 'టాక్ టునైట్' అనే మెత్తని పాట పుట్టింది. 1996లో లండన్‌లో టీవీ కోసం పెట్టిన కచేరీకి లియామ్ గొంతు బాగాలేదని తప్పుకున్నాడు. నోయెల్ ఒక్కడే పాడుతుంటే తాను పైన బాల్కనీలో కూర్చుని చూశాడు. 2000లో బార్సిలోనాలో ఇద్దరూ కొట్టుకునేదాకా వెళ్లారు.

2009 ఆగస్టు 28న పారిస్‌లో ఒక సంగీతోత్సవానికి వెళ్లి, వేదిక ఎక్కకముందే తెర వెనక గొడవపడ్డారు. ఒక గిటార్ విరిగింది. లియామ్‌తో ఇక ఒక్కరోజు కూడా కలిసి పనిచేయలేనని నోయెల్ ఆ రాత్రే ప్రకటన ఇచ్చి వెళ్లిపోయాడు. దానికి 6 రోజుల ముందు ఇంగ్లండ్‌లోని వెస్టన్ పార్కులో పాడిందే చివరి కచేరీ అయింది.

మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారు?

లియామ్ మిగతా సభ్యులతో బీడీ ఐ అనే బృందం పెట్టాడు. అది 2014లో ఆగిపోయింది. 2017 నుంచి ఒంటరిగా ఆల్బంలు చేశాడు. అవి బాగా నిలబడ్డాయి. నోయెల్ హై ఫ్లయింగ్ బర్డ్స్ పేరుతో తన దారిన తాను వెళ్లాడు. ఇద్దరూ పాత పాటలు విడివిడిగా పాడుతూనే వచ్చారు. పత్రికల్లో, సామాజిక మాధ్యమాల్లో ఒకరినొకరు దెప్పుకుంటూనే వచ్చారు.

మరి ఎలా కలిశారు?

ఎవరు ముందు ఫోను చేశారో, ఏ మాటతో మంచు కరిగిందో నేను ఊహించి రాయను. అది వాళ్లింటి సంగతి. బయటికి తెలిసింది ఇంతే: 2024 ఆగస్టు 25న రెడింగ్ ఉత్సవంలో లియామ్ పాడాక తెర మీద ఒక తేదీ, ఒక సమయం కనిపించాయి. అదే తేదీన, ఆగస్టు 27 ఉదయం 8 గంటలకు, మళ్లీ కలుస్తున్నామని ప్రకటన వచ్చింది. తుపాకులు మౌనం దాల్చాయని, నక్షత్రాలు ఒక వరుసలోకి వచ్చాయని, నిరీక్షణ ముగిసిందని అందులో ఉంది. టీవీలో ప్రసారం కాదు, వచ్చి చూడండి అని కూడా ఉంది. మొదటి ఆల్బం వచ్చి 30 ఏళ్లు నిండడానికి సరిగ్గా రెండు రోజుల ముందు వచ్చిన ప్రకటన అది.

ఎన్ని కచేరీలు, ఎక్కడెక్కడ?

మొత్తం 41. మొదట బ్రిటన్, ఐర్లండ్‌లలో 14 అన్నారు. జనం తాకిడి చూసి 3 కలిపారు, తర్వాత లండన్ వెంబ్లీలో మరో 2. 2025 జులై 4న కార్డిఫ్‌లో మొదలై, మాంచెస్టర్, లండన్, ఎడిన్‌బరా, డబ్లిన్ మీదుగా ఆగస్టు నెలాఖరుకు టొరంటో చేరారు. అక్కడి నుంచి షికాగో, న్యూజెర్సీ, లాస్ ఏంజెలెస్, మెక్సికో సిటీ. సెప్టెంబరు చివర మళ్లీ వెంబ్లీ. అక్టోబరులో దక్షిణ కొరియాలోని గోయాంగ్, తర్వాత టోక్యో. అక్టోబరు 31 నుంచి మెల్‌బోర్న్, నవంబరులో సిడ్నీ, బ్యూనస్ ఐరిస్, శాంటియాగో. నవంబరు 23న సావో పాలోలో ముగిసింది.

టికెట్ల గొడవ ఏమిటి? డబ్బంతా పిండుకున్నారట కదా?

దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే పెద్ద కచేరీల టికెట్లు కొనే ఎవరికైనా, మనవాళ్లతో సహా, ఇది పనికొస్తుంది.

2024 ఆగస్టు 31న టికెట్ల అమ్మకం మొదలైంది. 17 కచేరీలకు దాదాపు 14 లక్షల టికెట్లు. 158 దేశాల నుంచి కోటి మందికి పైగా వరుసలో నిలబడ్డారని నిర్వాహకులు చెప్పారు. నిలబడి చూసే టికెట్ ధర సుమారు 150 పౌండ్లని అందరూ అనుకున్నారు. గంటల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని, తీరా తమ వంతు వచ్చేసరికి చాలామందికి అదే చోటుకు 355 పౌండ్లు కనిపించింది. కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఉన్నవి కొన్ని నిమిషాలు. ఇంట్లో అడిగే సమయం కూడా లేదు.

విమానం టికెట్లలాగా కంప్యూటరే క్షణక్షణానికీ ధర పెంచేసిందని అప్పుడు అందరం అనుకున్నాం. బ్రిటన్‌లో పోటీ, మార్కెట్ల వ్యవహారాలు చూసే నియంత్రణ సంస్థ విచారణ జరిపితే కొంచెం వేరే సంగతి తేలింది. టికెట్‌మాస్టర్ సంస్థ నిలబడే టికెట్లను రెండు ధరల్లో పెట్టి, తక్కువ ధరవి ముందు అమ్మేసి, అవి అయిపోయాక ఎక్కువ ధరవి వదిలింది. ఇలా రెండు అంచెలున్నాయని వరుసలో ఉన్నవారికి ముందు చెప్పలేదు. కొన్ని సీట్లను 'ప్లాటినం' పేరు తగిలించి మామూలు ధరకు దాదాపు రెండున్నర రెట్లకు అమ్మారు. ఆ పేరు చూసి ఏదో ప్రత్యేక సదుపాయం ఉందనుకునే వీలుందని నియంత్రణ సంస్థ తప్పుపట్టింది. 2025 సెప్టెంబరులో టికెట్‌మాస్టర్ కొన్ని హామీలిచ్చింది. అంచెల ధరలు పెట్టేటప్పుడు 24 గంటల ముందే చెప్పాలి, వరుసలో ఉండగానే ధరల సమాచారం చూపించాలి.

ఇలా ధరలు పెట్టే సంగతి తమకు తెలియదని బృందం చెప్పుకుంది. ఉత్తర అమెరికా కచేరీలకు ధరలు పెరిగే పద్ధతి వద్దన్నారు. నా అభిప్రాయం నేను దాచను. ధర ఎంతైనా పెట్టుకోవచ్చు, కానీ వరుసలో నిలబడేముందే చెప్పాలి. కూలి డబ్బులతో పెరిగిన పిల్లలు కూలి మనుషుల కోసం రాసిన పాటలవి. వాటిని వినడానికి వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర అలా ఇరకాటంలో పెట్టడం అన్యాయం.

ఒక మంచి పనీ జరిగింది. టికెట్ తిరిగి అమ్మాలంటే కొన్న ధరకే, నిర్ణయించిన చోట్ల మాత్రమే అమ్మాలన్నారు. కొన్న ధరకు మించి టికెట్లు మళ్లీ అమ్మడాన్ని నిషేధిస్తామని 2025 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం కూడా ప్రకటించింది.

పాతవాళ్లందరూ వచ్చారా?

అందరూ కాదు. అన్నదమ్ములతో పాటు మొదటి రోజుల గిటారిస్టు పాల్ ఆర్థర్స్ వచ్చాడు. అభిమానులకు అతను 'బోన్‌హెడ్'. 1999లో చేరిన జెమ్ ఆర్చర్, ఆండీ బెల్ ఉన్నారు. డ్రమ్ముల మీద కొత్త మనిషి, అమెరికాకు చెందిన జోయీ వారోంకర్. పాత పాటల ఊపు చెడకుండా, అతి చేయకుండా వాయించాడు. బోన్‌హెడ్ తనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని అక్టోబరులో బయటపెట్టాడు. చికిత్స కోసం కొరియా, జపాన్, ఆస్ట్రేలియా కచేరీలకు దూరంగా ఉండి, దక్షిణ అమెరికాకు తిరిగి వచ్చాడు.

ఏ పాటలు పాడారు? ప్రతి ఊళ్లోనూ అవేనా?

అవే. 23 పాటలు, సుమారు రెండు గంటలు, దాదాపు అదే వరుస. 'హలో'తో మొదలు, 'షాంపేన్ సూపర్‌నోవా'తో ముగింపు. మధ్యలో లియామ్ లోపలికి వెళితే నోయెల్ మూడు పాటలు పాడతాడు. వాటిలో మొదటిది 1994లో అలిగి వెళ్లినప్పటి ఆ 'టాక్ టునైట్'. తమ్ముడు తెర వెనక ఉండగా అన్న ఆ పాట పాడడం విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

మరో విశేషం, 2000 తర్వాతి పాట ఒక్కటే ఉంది, 'లిటిల్ బై లిటిల్'. మిగతావన్నీ 1990లలోవే. దాన్ని కొందరు తప్పుపట్టారు. నేను ఒప్పుకోను. తిరుపతి వెళ్లి లడ్డూ ఎందుకు పెట్టారని అడగం కదా.

నిజం చెప్పండి, గొంతు అలాగే ఉందా?

నా భయమూ అదే. 2000ల నాటికే లియామ్ గొంతు చాలా దెబ్బతింది. చివరి ఏళ్ల రికార్డింగులు వింటే గరగరలాడుతూ, పై స్థాయికి వెళ్లలేక ఇబ్బంది పడడం తెలుస్తుంది. ఆ రోజు అతను 52 ఏళ్ల మనిషి.

హీటన్ పార్కులో రెండో రాత్రి, జులై 12. ఇంగ్లండ్‌లో అరుదైన ఎండ, గడ్డంతా ఎండి పచ్చదనం పోయింది. ట్రాము దిగి నడుస్తుంటేనే చొక్కా తడిసిపోయింది. అన్నదమ్ములు వేదిక మీదికి వచ్చాక లియామ్ నిలబడే తీరు చూశాను. మైకు తన నోటికన్నా ఎత్తులో ఉంటుంది. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుంటాడు. మెడ చాచి, గడ్డం పైకెత్తి, బావిలో నీళ్లు తోడేవాడు పైకి కేకేసినట్టు పాడతాడు. గాలి పొట్టలోంచి సూటిగా గొంతులోకి వస్తుంది. మొదటి పాటలోనే తెలిసిపోయింది, ఈ మనిషి శ్రద్ధగా సాధన చేసి వచ్చాడు. 1995 నాటి కుర్రదనం లేదు. కానీ గరుకులో ఒక బరువు వచ్చింది, శ్రుతి నిలబడింది.

అసలు సంగతి రెండో పాటలో ఉంది. 'ఆక్వీయెస్'. చరణం లియామ్ పాడతాడు, పల్లవి నోయెల్ అందుకుంటాడు. తమ్ముడిది రంపం, అన్నది దాని మీద రాసిన నూనె. లియామ్ చివరి పదం సాగదీస్తుండగా నోయెల్ మైకు దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చడం పెద్ద తెర మీద కనిపించింది. పల్లవి ఎత్తుకున్నాడు. నా పక్కన నిలబడిన, నా వయసే ఉండే ఒక మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అన్నీ తెలిసిన పాటలే. కొన్ని నోయెల్ దగ్గర, కొన్ని లియామ్ దగ్గర విడివిడిగా 16 ఏళ్లు విన్నాం. విడివిడిగా విన్నప్పుడు ఏది తక్కువైందో ఆ ఒక్క క్షణంలో తెలిసింది. ఒక కడుపున పుట్టిన రెండు గొంతులు కలిస్తే వచ్చే ఆ మూడో గొంతు ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు.

మనకు ఇది కొత్త కాదు. ఇంట్లో అక్కాచెల్లెళ్లు కలిసి మంగళహారతి పాడితే విన్నవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది.

జనం వేదికకు వీపు పెట్టి ఎందుకు గెంతుతారు?

దాన్ని పోజ్నాన్ అంటారు. పోలండ్‌లోని పోజ్నాన్ ఊరి ఫుట్‌బాల్ అభిమానుల అలవాటు. 2010లో మాంచెస్టర్ సిటీ జట్టుతో ఆట చూడ్డానికి వచ్చి ఇలా గెంతితే, సిటీ అభిమానులు నేర్చుకున్నారు. గాలఘర్ సోదరులు సిటీకి వీరాభిమానులు. 'సిగరెట్స్ అండ్ ఆల్కహాల్' పాటకు ముందు వెనక్కి తిరగమని, పక్కవాళ్ల భుజాల మీద చేతులేయమని లియామ్ చెబుతాడు. 80 వేల మంది ఒక్కసారిగా గెంతితే నేల అదరడం పాదాలకు తెలుస్తుంది.

'డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్' వచ్చినప్పుడు జనం ఏడుస్తారెందుకు?

2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో ఒక కచేరీ ముగిసి జనం బయటికి వస్తుండగా ఆత్మాహుతి దాడి జరిగి 22 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలున్నారు. మూడు రోజుల తర్వాత సెయింట్ ఆన్స్ కూడలిలో పూలగుట్టల మధ్య జనం చేరి మౌనం పాటించారు. మౌనం ముగిశాక ఎవరూ కదల్లేదు. గుంపులోంచి ఒకామె సన్నని గొంతుతో ఈ పాట ఎత్తుకుంది. పక్కవాళ్లు కలిశారు, క్రమంగా కూడలి అంతా కలిసింది. కోపంతో వెనక్కి చూడకు అనే మాట ఆ రోజు ఆ ఊరికి అవసరమైంది. 1996లో సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, వచ్చిన పాట 2017లో ఊరి పాటయింది.

హీటన్ పార్కులో ఆ పాట వచ్చేసరికి చీకటి పడింది. పల్లవిని నోయెల్ జనానికే వదిలేశాడు. మాంచెస్టర్‌లో దాన్ని మాంచెస్టర్ వాళ్ల మధ్య వినడం నా అదృష్టం.

కార్డిఫ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడి ఫోటో చూపించారట?

అవును. లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా, అతని తమ్ముడు ఆండ్రే సిల్వా 2025 జులై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో చనిపోయారు. మర్నాడే కార్డిఫ్‌లో తొలి కచేరీ. 'లివ్ ఫరెవర్' ముగుస్తుండగా పెద్ద తెర మీద జోటా బొమ్మ వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు కలిసిన రాత్రి, కలిసి వెళ్లిపోయిన మరో ఇద్దరు అన్నదమ్ముల తలపు.

టికెట్ దొరకనివాళ్లు ఏం చేశారు?

హీటన్ పార్కు కంచె బయట ఒక గుట్ట ఉంది. అక్కడి నుంచి పెద్ద తెర కనిపిస్తుంది, పాట వినిపిస్తుంది. మొదటి రెండు రాత్రులు వేల మంది దుప్పట్లు పరుచుకుని, పిల్లాపాపలతో కూర్చున్నారు. దానికి 'గాలఘర్ హిల్' అని పేరు పడింది. తర్వాతి కచేరీలకు నగరపాలక సంస్థ అక్కడ కంచె వేయించింది.

భారతదేశానికి ఎందుకు రాలేదు?

41 కచేరీల్లో మన దేశం పేరు లేదు. జనం రారని మాత్రం ఎవరూ అనలేరు. అదే 2025లో కోల్డ్‌ప్లే ముంబై, అహ్మదాబాద్‌లలో 5 కచేరీలు చేసింది, గన్స్ అండ్ రోజెస్ మే నెలలో ముంబై వచ్చింది. హైదరాబాదులోనో విశాఖలోనో గిటార్ నేర్చుకున్న ఎవరినైనా అడగండి, మొదట పట్టిన పాటల్లో 'వండర్‌వాల్' ఉంటుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడో మెట్టు మీద సన్నని రెండు తీగలపై కదలకుండా ఉంటాయి, మిగతా రెండు వేళ్లు తిప్పితే చాలు పాట వచ్చేస్తుంది. మా హాస్టల్‌లో రెండు తీగలు తెగిన గిటార్ మీద కూడా వాయించేవాళ్లం.

న్యూజెర్సీ, షికాగో, మెల్‌బోర్న్, సిడ్నీ, లండన్ ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం ఈ యాత్ర ఇంటి దగ్గరికే వచ్చింది.

అంతా డబ్బు కోసమే కదా?

డబ్బు బాగా వచ్చింది, సందేహం లేదు. కానీ డబ్బు ఎప్పుడైనా వచ్చేదే. 2010లో కలిసినా, 2016లో కలిసినా వచ్చేది. డబ్బొక్కటే కారణమైతే 16 ఏళ్లు ఎదురుచూసే పనే లేదు. కార్డిఫ్‌లో ఇద్దరూ చేయి చేయి పట్టుకుని, పైకెత్తి వేదిక మీదికి వచ్చారు. అది ముందుగా అనుకున్నదే కావచ్చు. 41 కచేరీలు ఒక్క గొడవ లేకుండా పూర్తి చేయడం మాత్రం నటనతో అయ్యే పని కాదు.

మళ్లీ ఉంటుందా?

సావో పాలో తర్వాత కొంతకాలం విరామం తీసుకుని ఆలోచించుకుంటామని బృందం చెప్పింది. ఆ మాటను ఆ మాటగానే తీసుకోండి. అంతకుమించి ఎవరైనా తేదీలు చెప్పి ముందస్తుగా డబ్బు కట్టమంటే కట్టకండి. బృందం అధికారిక వెబ్‌సైట్‌లో ప్రకటన వచ్చేదాకా ఆగండి.

ఒయాసిస్ ఎప్పుడూ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ 'వండర్‌వాల్' అంటారు. నేను వేరే దారి చెబుతాను. వాళ్ల గొప్ప పాటల్లో కొన్ని సింగిల్ రికార్డుల వెనకవైపు దాక్కున్నాయి. 'ద మాస్టర్‌ప్లాన్' అలాంటిదే, 'హాఫ్ ద వరల్డ్ అవే' అలాంటిదే. ఆ వెనకవైపు పాటలను 1998లో ఒక ఆల్బంగా వేశారు. దాని పేరు కూడా 'ద మాస్టర్‌ప్లాన్'. అందులో మొదటి పాట 'ఆక్వీయెస్'. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వేరే పని ఏదీ చేయకుండా వినండి. ముందు వచ్చే గరుకు గొంతు తమ్ముడిది. పల్లవి దగ్గర పైకి లేచేది అన్నది.